చెక్‌ట్రే ఎత్తి చూడు తమ్ముడూ

ఈ వారం వచ్చిన ఉత్తరం:

"అక్కా, నాకు 32 ఏళ్ళు. మాది ముమ్మిడివరం దగ్గర ఊరు. మూడెకరాల చెరువు లీజుకి తీసుకుని రొయ్య వేస్తున్నా. వరసగా రెండు పంటలు వైట్‌స్పాట్ తెగులు వచ్చి పోయాయి. మేత షాపులో బాకీ ఉంది, మావగారి దగ్గర తెచ్చింది ఉంది, ఇంకా చిన్నా చితకా చాలా ఉన్నాయి, మొత్తం ఎంతో నాకే సరిగ్గా తెలీదు. మా ఆవిడకి సగం కూడా చెప్పలేదు. ఫోను ఎప్పుడూ సైలెంట్‌లోనే ఉంటుంది. మేత షాపు ముందు నుంచి వెళ్ళాల్సొస్తుందని సెంటర్‌కి వెళ్ళడమే మానేసి కాలవ గట్టు మీంచి చుట్టూ తిరిగి పోతున్నా. రాత్రి రెండింటి దాకా ప్రవచనాలు, మోటివేషన్ వీడియోలు చూస్తా. అందరూ ఆనందం బయట లేదు నీ లోపలే ఉంది అంటారు. నాకు లోపల చూస్తే భయం తప్ప ఇంకేం కనపడట్లేదు. మొన్న పాప బర్త్‌డేకి కేక్ కట్ చేస్తుంటే జేబులో ఫోను వైబ్రేట్ అయ్యింది, ఇంక ఆ రోజంతా నవ్వలేకపోయా. ఒక్కోసారి పడుకుని పొద్దున్నే లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. ఆ లోపలి ఆనందం ఎక్కడుందో చెప్పండి అక్కా."

తమ్ముడూ,

ఆనందం సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు నువ్వు చివర్లో గబుక్కున అనేసి వెళ్ళిపోయావే, పొద్దున్నే లేవకపోతే బాగుండు అని, దాని దగ్గర కాసేపు కూర్చుందాం. అది అలిసిపోయి అన్న మాటో, లోపల ఇంకేదైనా తిరుగుతోందో ఉత్తరంలో నాకు తెలియదు కదా, అందుకని నేను దాన్ని పెద్ద విషయంగానే తీసుకుంటున్నా. ఈ రోజే, ఇది చదవడం అవగానే, ఒక మనిషికి ఆ మాట నోటితో చెప్పు. ఇంట్లో చెప్పడానికి నోరు రాకపోతే 14416 కి ఫోన్ చెయ్యి, టెలిమానస్ అంటారు, గవర్నమెంట్ వాళ్ళది, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, డబ్బులేం అక్కర్లేదు, పగలూ రాత్రీ ఎప్పుడైనా తీస్తారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ ఆలోచన రోజూ వస్తుంటే మాత్రం ఫోనుతో కూడా ఆగకు, ఎవరో ఒకర్ని తోడు తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళు. అప్పు తీరడానికి ఏళ్ళు పట్టినా పర్లేదు, దీనికి ఒక్క రోజు కూడా వాయిదా వెయ్యొద్దు. ఇది నీకు అక్కగా గట్టిగా చెప్తున్నా.

సరే, ఇప్పుడు నీ ప్రశ్న.

లోపల చూస్తే భయమే కనపడుతోంది అన్నావు. నాకైతే నువ్వు ఇంకా లోపలికి చూళ్ళేదనిపిస్తోంది. చూసుంటే బాకీ మొత్తం ఎంతో తెలిసేది కదా. చెరువులో ఎన్ని లక్షల రొయ్య పిల్ల వదిలావు, ఏ రోజు ఎన్ని కేజీల మేత పడింది, ఎన్నో రోజుకి కేజీకి వంద రొయ్యలు తూగే వంద కౌంట్‌కి వచ్చింది అని నిద్రలో లేపి అడిగినా టకటకా చెప్తావు నువ్వు, రొయ్య చేసేవాళ్ళెవరైనా అంతే, అలాంటివాడివి నీ సొంత బాకీ ఎంతో తెలీదు అంటున్నావంటే అది తెలియక కాదు, ఆ వైపు తల తిప్పట్లేదు. నువ్వు చూస్తున్నది తలుపు మాత్రమే. మూసి పెట్టిన గది తలుపు ఎప్పుడూ గదిలో ఉన్నదానికంటే ఎక్కువే భయపెడుతుంది.

నీ పనిలోంచే ఒకటి అడుగుతా. మేత వేసిన గంటన్నరకో రెండు గంటలకో, రొయ్య ఎలా తింటోందో చూడ్డానికి నీళ్ళలో దించిన చెక్‌ట్రే పైకి ఎత్తి చూస్తావు కదా. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, డొప్ప మీద మచ్చలేమన్నా కనపడుతున్నాయా అని ఒక్కొక్కటీ అరచేతిలో వేసుకుని లైటు పెట్టి చూస్తావు. ఏదో తేడా ఉందని డౌటొచ్చిన రోజు భయమేసి చెక్‌ట్రే ఎత్తకుండా ఇంటికెళ్ళి పడుకున్నావా ఎప్పుడైనా? ఆ రోజే ఇంకో రెండుసార్లు ఎక్కువ ఎత్తుంటావు. చేతులు వణికినా ఎత్తుంటావు. రాత్రి మూడింటికి ఆక్సిజన్ పడిపోతుందని, తెల్లవారుజామున నీళ్ళల్లో నాచు కూడా రొయ్యతో పాటే గాలి పీల్చేస్తుందని, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలని చలిలో గట్టు మీద నిలబడ్డ మనిషివి నువ్వు. పిరికివాడైతే ఆ పని చెయ్యలేడు. అంటే నీకు ధైర్యం లేక కాదు, ఆ ధైర్యమంతా చెరువు దగ్గరే వదిలేసి ఇంటికొస్తున్నావు.

వైట్‌స్పాట్ చెరువులోకి వచ్చాక వారం పది రోజుల్లో పంట మొత్తం తుడిచిపెట్టుకుపోవడం నువ్వు కళ్ళతో చూశావు. రెండు సార్లు చూశావు. చచ్చిపోయిన రొయ్య గట్టు వారన ఎర్రగా తేలుతుంటే వలతో తియ్యించి ఉంటావు. అంతటిదాన్ని చూసిన కళ్ళకి మేత షాపు బోర్డు చూడ్డం కష్టమవుతోందంటే కారణం ఒకటే, అక్కడ పోయింది రొయ్య, ఇక్కడ పోతుందని నువ్వు భయపడేది మొహం. మన గోదావరి వైపు మగాళ్ళకి మరీనూ, లక్ష పోయినా తట్టుకుంటారు గానీ నలుగురిలో మాట పోతే తట్టుకోలేరు.

ఈ ముఖం చాటెయ్యడం ఎలా పనిచేస్తుందో కొంచెం ఓపిగ్గా చూడు. ఫోను మోగింది, పేరు చూశావు, గుండె గుభేలుమంది, సైలెంట్‌లో పెట్టేశావు, హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్యే అసలు చిక్కు. నీ ఒళ్ళు ఏం నేర్చుకుందంటే, నేను తప్పించుకున్నాను కాబట్టి బతికాను, అంటే ఆ ఫోను నిజంగానే పులి అన్నమాట అని. తర్వాత సారి అదే ఫోను ఇంకాస్త పెద్ద పులి అవుతుంది. మొదట ఫోను, తర్వాత షాపు, తర్వాత సెంటర్ మొత్తం, ఇప్పుడు నీ కూతురి బర్త్‌డే కేకు. నువ్వు తిరిగే చోటు రోజురోజుకీ ఎలా చిన్నదైపోతోందో చూశావా? ఏటిగట్టు కోసుకుపోయినట్టు కొంచెం కొంచెంగా నీ ఊరే నీ కాళ్ళ కింద నుంచి పోతోంది, కాలవ గట్టు ఒక్కటి మిగిలింది.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ చెప్పరు. భయాన్ని తొక్కి పెట్టడానికి మనం వాడే మూత ఒక్క భయం మీదే పడదు. పక్కనున్నవన్నీ దాని కిందకే పోతాయి, కూర రుచి, పాప నవ్వు, పొద్దున్నే కొబ్బరాకుల్లోంచి పడే ఎండ, అన్నీ. రెండింటి దాకా వీడియోలు చూసేది ఆనందం కోసమని నువ్వనుకుంటున్నావు, కాదు, అది మత్తు, మందు బాటిల్‌కి బదులు ఫోను, అంతే. ప్రవచనాలు చెడ్డవని నేననను, మా ఇంట్లోనూ వింటాం, కానీ వినాల్సిన ఫోను తియ్యకుండా ఉండటానికి ప్రవచనం వింటే అది చెవికి తప్ప లోపలికి దిగదు.

నేనిదంతా ఎక్కడ చూశానో చెప్తాను.

1996 నవంబర్ 6 రాత్రి తుఫాను నీకు తెలిసుండదు, అప్పటికి చిన్నపిల్లాడివి. మా పుట్టిల్లు అమలాపురం దగ్గర. మాకు ఆరు కుంచాల కొబ్బరితోట, కుంచం అంటే మా వైపు నేల కొలత, అదే ఆధారం. ఆ రాత్రి గాలి చేసిన చప్పుడు నేను మాటల్లో చెప్పలేను, ఇంటి మీద పెంకులు ఒక్కొక్కటీ ఎగిరిపోతుంటే అమ్మ మమ్మల్నిద్దర్నీ, నన్నూ చెల్లినీ, మంచం కిందకి తోసి పైన దుప్పట్లు కప్పేసింది. పొద్దున్న లేచి చూస్తే తోట లేదు. చెట్లు ఒకదాని మీద ఒకటి పడున్నాయి, కొన్ని మధ్యకి విరిగి పుల్లల్లా నిలబడ్డాయి, ఎటు చూసినా ఆకాశమే. అమ్మ గుమ్మంలో కూలబడి ఏడుస్తోంది. నాన్న ఏం మాట్లాడకుండా లోపలికెళ్ళి సున్నం డబ్బా తెచ్చి చెల్లి చేతిలో పెట్టారు, నన్ను నోట్‌బుక్కు పెన్ను తెమ్మన్నారు. ముగ్గురం తోటంతా తిరిగాం. పడిన ప్రతి చెట్టు మొదలు మీదా నాన్న వేలితో సున్నం బొట్టు పెట్టడం, రెండోసారి లెక్కలోకి రాకుండా, నేను ఒక గీత గియ్యడం. బురదలో మోకాళ్ళ దాకా దిగబడుతూ, పడిన మట్టల మీంచి దాటుకుంటూ రెండు గంటలు తిరిగుంటాం. అమ్మ అక్కణ్ణుంచే అరుస్తోంది, పోయినవాటికి లెక్కలెందుకయ్యా ఇప్పుడు అని. నాన్న వెనక్కి తిరక్కుండానే అన్నారు, లెక్క తెలిస్తే రాత్రి నిద్ర పడుతుందే అని.

లెక్క అయ్యాక నిలబడ్డవాటికి కూడా బొట్టు పెట్టారు. పదిహేను. కాళ్ళు కడుక్కుని వచ్చి అమ్మని అన్నం పెట్టమన్నారు, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని ఎప్పటిలాగే తిన్నారు. నాకప్పుడు చాలా కోపమొచ్చింది, ఈయనకి బాధ లేదా అని. కొబ్బరి మొక్క వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు, ఆ ఆరేడేళ్ళు ఏం తింటామో తెలియని మనిషి ముద్దలు కలుపుకుని ఎలా తినగలిగాడో అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. పోయింది ఎంతో తెలిశాక ఆయనకి మిగిలింది ఎంతో కనపడింది. అమ్మకి మాత్రం చాలా రోజులు ముద్ద దిగలేదు, ఎందుకంటే అమ్మ తోటలోకి వెళ్ళలేదు, అమ్మ లెక్కలో అన్ని చెట్లూ పోయాయి.

ఇంత చూసిన నేను కూడా మళ్ళీ అమ్మ చేసిన పనే చేశా. నాన్న 2010 లో పోయారు. ఆ ఆరు కుంచాల తోట దగ్గరే నాకూ చెల్లికీ మాటొచ్చింది, ఎవరిది తప్పో ఇక్కడొద్దులే, ఇద్దరం అనకూడనివి అనుకున్నాం. చెల్లిని ఇచ్చింది సఖినేటిపల్లి వైపు, మేము పాలకొల్లులో ఉంటాం, మధ్యలో వశిష్ట గోదావరి. తొమ్మిదేళ్ళు తమ్ముడూ. ఏ పెళ్ళికి పిలిచినా ముందు అది వస్తోందా అని వాకబు చెయ్యడం, వస్తే నాకు ఒంట్లో బాలేదనడం. సంక్రాంతి వస్తోందంటే పది రోజుల ముందు నుంచీ కడుపులో దేవినట్టుండేది. అందరితో నవ్వుతూ ఉండేదాన్ని, గుళ్ళకి వెళ్ళేదాన్ని, ధ్యానం క్లాసులకి కూడా వెళ్ళా, అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఎక్కడా మనసు నిలిచేది కాదు. నీలాగే నేనూ అనుకున్నా, లోపల ఆనందం అని ఊరికే చెప్తారు, నాలాంటివాళ్ళకి ఉండదేమో అని.

2019 లో ఒక రోజు బస్సెక్కి నర్సాపురం రేవు దాకా వెళ్ళా. ఏరు దాటించే పంటు ఎక్కలేదు. అవతలి ఒడ్డు చూసుకుంటూ పావుగంట నిలబడి వెనక్కొచ్చేశా. ఇంకో వారం ఆగి మళ్ళీ వెళ్ళా, ఆ సారి పంటెక్కి అవతల దిగి, దిగిన చోటే టీ తాగి అదే పంటు మీద తిరిగొచ్చేశా. మావారు అడిగితే నర్సాపురంలో పనుందని చెప్పా. మూడోసారి వాళ్ళింటి దాకా వెళ్ళా. గేటు దగ్గర నా గుండె కొట్టుకోవడం నాకే వినపడుతోంది, కాళ్ళు వెనక్కి పోతున్నాయి, అరచేతుల్లో చెమట. చెల్లి అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు తీస్తోంది చీపురు కట్టడానికి. తలెత్తి చూసింది. లేవలేదు, రమ్మనలేదు, పొమ్మనలేదు, చేతిలో ఆకు చీల్చడం కూడా ఆపలేదు. నేను వెళ్ళి అరుగు మీద అటు చివర కూర్చున్నా. ఏం చెయ్యాలో తెలీక కుప్పలోంచి ఒక ఆకు తీసుకుని నేనూ ఈనె తియ్యడం మొదలుపెట్టా. ఎంతసేపో, ఇద్దరం మాట్లాడలేదు, ఆకు చీలే చప్పుడు, ఈనె గీరుతున్న చప్పుడు, అంతే. అది నా జీవితంలో అన్నిటికన్నా ఇబ్బందిగా గడిచిన టైమ్, లేచి వెళ్ళిపోదామని పదిసార్లు అనిపించింది. పదకొండోసారి అనిపించలేదు. అదే నేను నీకు చెప్పాలనుకుంటున్న విషయం, భయం పెరిగి పెరిగి ఒక చోట ఆగుతుంది, మనం అక్కడే కూర్చుంటే దానంతటదే దిగడం మొదలవుతుంది, కానీ ఎప్పుడూ అది దిగకముందే మనం లేచొచ్చేస్తాం కాబట్టి దిగుతుందన్న సంగతే మనకి తెలీదు.

ఉన్నట్టుండి చెల్లి తల ఎత్తకుండానే అడిగింది, ఆ రోజు నాన్న ఎన్ని పడ్డాయన్నాడే అని. ఇరవై ఆరు అన్నా. ఇరవై ఏడు, పాక మీద పడింది నువ్వు రాయడం మర్చిపోయావు, అంది. నేను రాశానే, అన్నా. రాయలేదు, అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, తర్వాత మళ్ళీ తోట గురించి గొడవ కూడా పడ్డాం, గట్టిగానే పడ్డాం. మా మరిది వచ్చి అన్నాలకి లేపాడు. ఆ రోజుకి ఏమీ తేలలేదు, తోట సంగతి తర్వాత రెండేళ్ళకి గానీ సెటిల్ అవ్వలేదు.

కానీ సాయంత్రం తిరుగు పంటు మీద నిలబడితే, ఎలా చెప్పను, తొమ్మిదేళ్ళ నుంచి నా గుండెల మీదున్నదేదో లేదు. గోదావరి వాసన తెలిసింది. పక్కన సైకిలు పట్టుకున్నాయన బుట్టలో ఎండు చేపల వాసన తెలిసింది. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళల్లో కొడుతుంటే ఏమీ కారణం లేకుండా సంతోషంగా ఉంది. గెలిచానని కాదు, చెల్లి క్షమించిందని కూడా కాదు, దాక్కోవడానికి ఇంక ఏమీ లేదని. ఇంటికెళ్ళి వంకాయ కూరతో ఆకలేసి అన్నం తిన్నా. నాన్న చద్దన్నం ఎలా తిన్నారో ఆ రాత్రి అర్థమైంది నాకు.

నువ్వు ఎక్కడుంది అని అడుగుతున్నావే, నాకు తెలిసి ఆ ఆనందం ఒక చోట దాచిపెట్టినట్టు ఉండదు తమ్ముడూ, కాపలా కాయడానికి ఖర్చయిపోతున్న ప్రాణం తిరిగి నీ చేతికి వస్తుంది చూడు, అదే. ఎవరు కనపడతారో అని సెంటర్‌కి రాకుండా గట్టు మీంచి తిరగడానికి, ఏ ఫోనుకి ఏ అబద్ధం చెప్పాలో గుర్తు పెట్టుకోవడానికి, ఆవిడ అడక్కముందే మాట మార్చడానికి రోజుకి ఎంత ప్రాణం పోతోందో ఆలోచించావా? అది అప్పుకి కట్టే వడ్డీ కంటే ఎక్కువ.

మూడు సార్లు రేవు దాకా వెళ్ళిన దానికి సైకాలజీలో పేరుందని నాకు తర్వాత తెలిసింది, ఎక్స్‌పోజర్ అంటారు. దాని మొదటి కథల్లో ఒకటి చాలా ముచ్చటగా ఉంటుంది. 1924 లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ, పీటర్ అనే మూడేళ్ళు కూడా నిండని పిల్లాడి గురించి రాసింది, వాడికి కుందేలంటే చచ్చేంత భయం. ఆవిడ ఏం చేసిందంటే వాడికి ఇష్టమైనది తినిపిస్తూ కుందేలుని పంజరంలో పెట్టి గదిలో దూరంగా ఉంచింది, వాడు ఏడవనంత దూరంలో, తర్వాత ఇంకాస్త దగ్గరికి, అలా రోజులు గడిచాక ఆఖరికి ఆ కుందేలు తన వేళ్ళు కొరుకుతున్నా వాడు ఊరుకునేదాకా వచ్చింది. కుందేల్ని తీసుకెళ్ళి పిల్లాడి ఒళ్ళో పడేసుంటే ఇంకా భయపడి చచ్చేవాడు, అసలు చూపించకుండా దాచేసుంటే పెద్దయ్యాక కూడా భయపడేవాడు. ఎదురెళ్ళడం అంటే ఒక్కసారే గుండె దిటవు చేసుకుని దూకెయ్యడం అనుకుంటారు చాలామంది, అలా అనుకునే ఇంకా వెనక్కి పోతారు.

అందుకని నువ్వు రేపే మేత షాపుకి వెళ్ళమని నేను చెప్పను. ఈ రాత్రి వీడియోలు చూసే టైమ్‌లో, పదింటికే కూర్చో, రెండింటికి కాదు, ఒక నోట్‌బుక్కు తీసుకుని బాకీలన్నీ రాయి. ఎవరికి, ఎంత అసలు, నూటికి ఎంత వడ్డీ, ఎప్పటి నుంచి. రాస్తుంటే మధ్యలో ఒళ్ళంతా ఏదోలా అయిపోతుంది, ఫోను తీసుకోవాలనిపిస్తుంది, అప్పుడు పెన్ను కింద పెట్టి ఆ అనిపించేది ఒంట్లో ఎక్కడుందో చూడు, గొంతులోనా, గుండెలోనా, పొట్టలోనా, వేడిగా ఉందా బరువుగా ఉందా. దాంతో గొడవ పడకు, తగ్గించాలని చూడకు, ఊరికే చెక్‌ట్రేలో రొయ్యని చూసినట్టు చూడు. కాస్త తగ్గాక మళ్ళీ రాయి. ఇలా ఊరికే చూడటమే నేర్పే విపశ్యన ధ్యానం సెంటర్ ఏలూరు దగ్గర విజయరాయిలో ఉంది, పది రోజులు మౌనంగా ఉండాలి, పొద్దున్న నాలుగింటికి గంట కొడతారు, ఫోను వాళ్ళకి ఇచ్చెయ్యాలి, ఫీజుండదు, అయిపోయాక ఇవ్వాలనిపిస్తే ఇవ్వడమే. మొదటి మూడు రోజులు ఊపిరి ఒక్కటే చూడమంటారు, నాలుగో రోజు నుంచి ఒంటి మీద తెలిసేదంతా చూడమని, గంటసేపు కాళ్ళూ చేతులూ కదపకుండా కూర్చోమంటారు. నేను వెళ్ళా. మోకాలు మంట పెడుతుంటే కాలు తెగి పడిపోతుందేమో అనిపించింది, గంట కొట్టాక లేచి చూస్తే మామూలుగా నడిచి భోజనానికి వెళ్ళిపోయా. ఆ నొప్పిలో సగం నొప్పి, మిగతా సగం ఇంకా ఎంతసేపో అన్న నా గోల. నిన్ను మాత్రం ఇప్పుడే అక్కడికి వెళ్ళమనట్లేదు, ముందు నువ్వు రాసిన ఆ చివరి మాట సంగతి డాక్టర్‌తోనో 14416 వాళ్ళతోనో తేలాలి, అంత నిశ్శబ్దం మనసు బాలేనప్పుడు మంచిది కాదు.

లెక్క రాశాక మొదట మా మరదలికి చెప్పు. మేత షాపు కంటే ముందు, మావగారి కంటే ముందు. సగం చెప్పి సగం దాచకు, నోట్‌బుక్కు ఆ అమ్మాయి చేతిలో పెట్టెయ్యి. అరుస్తుంది, ఏడుస్తుంది, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలేదు అని అడిగే దానికి నీ దగ్గర మంచి సమాధానం ఉండదు, భయమేసింది అని చెప్పు, అది నిజం కదా. తను ఇప్పుడు ఏమీ తెలీకుండా సుఖంగా ఉందనుకుంటున్నావేమో, భర్త రాత్రి రెండింటి దాకా మేలుకుని ఫోను బోర్లా పెట్టుకుంటుంటే ఏ ఆడది సుఖంగా నిద్రపోతుంది? బాకీ ఎంతో తెలీకపోతే ఆవిడ ఇంకేదో ఊహించుకుంటూ ఉంటుంది, బాకీ కంటే దారుణమైంది.

తర్వాత అన్నిటికంటే చిన్న బాకీ వాడికి ఫోను చెయ్యి. వాడు చేసేదాకా ఆగొద్దు, నువ్వే చెయ్యి, మోగుతున్న ఫోను ఎత్తడం కంటే మనం చేసే ఫోను తేలిక, చేసి చూస్తే తెలుస్తుంది. ఇంత ఉంది నాకు గుర్తుంది, ఇప్పుడు లేదు, ఫలానా నెలలో ఇంత ఇస్తా, అని మూడు ముక్కలు. ఇవ్వలేని తేదీ చెప్పొద్దు, ఆ మాట తప్పితే మళ్ళీ గట్టు దారే. అలా ఒకటి రెండు అయ్యాక మేత షాపు. షాపు ఖాళీగా ఉండే టైమ్‌లో వెళ్ళు, పొద్దున్నే షట్టర్ తీసేటప్పుడు. మొదటి రోజు సెంటర్ దాకా వెళ్ళి టీ తాగి వెనక్కొచ్చినా నేనేం అనను, నేనూ అలాగే వచ్చా. మేత ఇచ్చేవాళ్ళకి పంట పోవడం కొత్త కాదు, వాళ్ళకి కోపం వచ్చేది ఎక్కువగా కనపడకుండా పోయినవాడి మీద.

ఒకటి మాత్రం గుర్తుంచుకో, ఎదురెళ్ళడం అంటే ఎవడేమన్నా పడుండటం కాదు. ఎవరైనా ఇంటికొచ్చి ఆడవాళ్ళ ముందు బూతులు తిట్టినా, చెయ్యి ఎత్తినా, బెదిరించి కాగితాల మీద సంతకాలు పెట్టించుకోబోయినా అది ఓర్చుకోవాల్సింది కాదు, పెద్దమనుషుల్ని పిలు, పోలీస్ స్టేషన్‌కి వెళ్ళు. కొన్ని కష్టాలు మనల్ని గట్టి చేస్తాయని చెప్పి అన్నిటికీ తల ఒగ్గమనేవాళ్ళ మాట వినకు. అలాగే ఇంకో పంట వేస్తే ఒక్క దెబ్బకి అన్నీ తీరిపోతాయన్న ఆశ వస్తుంది చూడు, అది కూడా ముఖం చాటెయ్యడమే, కాస్త మంచి బట్టలు వేసుకుని వచ్చిన ముఖం చాటెయ్యడం. లెక్క పూర్తిగా కాగితం మీద పడేదాకా చెరువులో కొత్తగా రొయ్య పిల్ల వదిలే మాట ఎత్తొద్దు.

గోదావరికి వరదొస్తే లంకల్లో వాళ్ళు ఏం చేస్తారో మనకి తెలుసు కదా. ధవళేశ్వరం దగ్గర ఎంతుంది అని అడుగుతూనే ఉంటారు. 11.75 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది, ఆ అంకెలు పిల్లలకి కూడా నోటికొచ్చు. మొదటి హెచ్చరికకి పశువుల్ని గట్టెక్కిస్తారు, రెండోదానికి సామాన్లు అటక మీదకి, అలా. అంకె వినడానికి భయపడి టీవీ కట్టేసిన ఇల్లు నేను లంకల్లో ఒక్కటి చూళ్ళేదు. పైన బ్యారేజీ దగ్గర కూడా అంతే, ఉన్న 175 గేట్లూ ఎత్తేసి నీళ్ళు వదిలేస్తారు గానీ మూసుకుని కూర్చోరు. నువ్వు పుట్టి పెరిగింది ఆ నీళ్ళ మధ్యే, నీకు ఇది కొత్తగా నేర్పక్కర్లేదు.

పాప బర్త్‌డే పోయిందని బాధపడుతున్నావు. పిల్లలకి కేకు ఒక్క రోజే ఉండాలని ఏం లేదు. ఫోను సైలెంట్ తీసేసి, మోగితే మోగనిచ్చి, ఎత్తి మాట్లాడి మళ్ళీ వచ్చి పాప పక్కన కూర్చోగలిగిన రోజున ఇంకో చిన్న కేకు తీసుకురా.

నోట్‌బుక్కులో మొత్తం ఎంత తేలిందో నాకు రాయక్కర్లేదు, అది మీ ఇద్దరిదీ. కానీ మా మరదలికి చెప్పిన రోజు రాత్రి ఇంట్లో ఏం కూర వండారో, నువ్వు ఎన్ని ముద్దలు తిన్నావో అది మాత్రం రాయి. ఎదురుచూస్తూ ఉంటా.

అక్క